ఇచ్చట బేరమాడుట నేర్పబడును

హనుమంతుడి ముందు కుప్పిగంతులు వెయ్యాలని ఎవరికైనా సరదా పుడితే ఖరగ్‌పూర్ టిక్కెట్టు కొనుక్కోవచ్చు. గోల్‌బజార్‌లో బెంగాలీలో బేరమాడి, షెడ్డులో హిందీలో తగువు తీర్చుకుని, ఆఫీసరుకి ఇంగ్లిషులో అర్జీ పెట్టి, ఇంటికొచ్చి శ్రీకాకుళం తెలుగులో ఆ రోజు కష్టసుఖాలు చెప్పుకునే జనం తరాలుగా కాపురమున్న రైల్వే ఊరిది. ఈ ఊరి పక్కనే హిజ్లీలో, బ్రిటిష్‌వాళ్ళ నిర్బంధ శిబిరం ఖాళీ అయిన భవనంలో, 1951లో దేశపు తొలి ఐఐటీ లాంఛనంగా మొదలైంది. ఇప్పుడు దేశంలోని పెద్ద చదువుల గుళ్ళన్నీ కలిసి సైన్సు పిల్లల్లో ఒక కొత్త జబ్బు కనిపెట్టాయి. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ వాళ్ళకి మాట్లాడటం రాదట. బేరమాడటం బొత్తిగా రాదట. మందు కూడా సిద్ధం: రెండు రోజుల శిక్షణ శిబిరం, మధ్యలో టీ, సింగాడా, చివర గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్టు.

మేదినీపూర్ ఎండల్లో బ్లేజరు వేసుకొచ్చే బోధకుడి మొదటి పాఠం చిరునవ్వు. రెండోది ఎదుటివారి కళ్ళలోకి సూటిగా చూడటం. ఒక్క సంతకం కోసం నెలల తరబడి తలుపు దగ్గర నిలబెట్టిన పీహెచ్‌డీ గైడు కళ్ళలోకి అలా చూస్తే ఏమవుతుందో మాత్రం చెప్పడు. పాపం, ఆయనకి గైడు లేడు, బ్లేజరుంది. మూడోది లిఫ్టు పాఠం. "లిఫ్టులో మంత్రిగారు తగిలారు. ముప్పై సెకన్లలో మీ పరిశోధన ఎలా చెప్తారు?" వెనక బెంచీలో ఒకమ్మాయి పక్కమ్మాయితో గొణుగుతుంది: "మంత్రిగారు తర్వాత. నా కెమికల్సు ఫైలు ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలిసిన స్టోర్సాయన తగిలితే చాలు."

ఇక మూడు నిమిషాల థీసిస్. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం కనిపెట్టిన పోటీ. కదలని స్లైడు ఒక్కటి, మూడు నిమిషాలు, అంతే. ఆట మంచిదే. కానీ మనవాళ్ళు ఆటని పట్టుకుని పూజ చేస్తారు. 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారంతో ఏళ్ళ తరబడి ప్రపంచంలో మొదటిదిగా నిలిచిన స్టేషనున్న ఊళ్ళో (2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ గొప్ప లాగేసుకున్నాయి లెండి) అయిదేళ్ళ చాకిరీకి ఇచ్చే జాగా మూడు నిమిషాలు. ఆ అయిదేళ్ళూ గైడు ఎన్ని నిమిషాలు విన్నాడని మాత్రం ఏ గడియారమూ లెక్క కట్టదు.

మాట తీరు లేకపోతే బతుకే లేదని బెదిరింపొకటి. చెన్నై నుంచి వచ్చి ఇదే హిజ్లీలో మెటలర్జీ చదువుకున్న కుర్రాడొకడు, హాస్టల్లో అందరూ 'అబే సాలే' అని పిలుచుకుంటుంటే అదే మర్యాద కాబోలనుకుని మెస్సులో పనిచేసే ఒకాయన్ని అలాగే పిలిచాడు. ఆ నిర్వాకం 2017 జనవరిలో అదే క్యాంపస్‌లో, వేలమంది ముందు, తనే చెప్పుకుని నవ్వించాడు. పేరు సుందర్ పిచాయ్. ఆనాడే ఈ శిబిరం ఉండి ఉంటే 'సాఫ్ట్ స్కిల్స్: ఫెయిల్' అని ముద్ర గుద్ది పంపేవాళ్ళు.

అసలు సైన్సు ఎవరికి చెప్పాలి? సత్యేంద్రనాథ్ బోస్ 1948లో బంగీయ బిజ్ఞాన్ పరిషత్తు పెట్టి, బెంగాలీలో సైన్సు చెప్పాలని పట్టుబట్టాడు. మనకి మహీధర నళినీమోహన్ ఉన్నాడు, పిల్లలకి తెలుగులో సైన్సు చెప్పిన భౌతికశాస్త్రవేత్త. వీళ్ళ పేర్లు బ్లేజరు స్లైడ్లలో వెతక్కండి. అక్కడ శ్రోత ఎప్పుడూ ఒక్కడే, డబ్బు సంచీ పట్టుకున్న ఇంగ్లిషు దొర. రిటైరైపోయి ఈ ఊరి మథురాకాటిలో వాలుకుర్చీలో కూర్చున్న ఫిట్టరు తాతకి, తానేం పరిశోధిస్తోందో మనవరాలు తెలుగులో చెప్పగలిగితే దానికి మార్కుల్లేవు.

ఇక అసలు ఘట్టం, బేరం. ఇక్కడ హార్వర్డ్ దిగుతుంది. అక్కడి ఫిషర్, యూరీ 1981లో రాసిన పుస్తకంలోంచి 'బాట్నా' అనే మంత్రం చెప్తారు: చర్చ చెడితే నీ చేతిలో మిగిలే మెరుగైన దారేమిటో ముందే చూసుకో అని. మంచి మంత్రమే. పరిశోధక విద్యార్థి చేతిలో ఏం మిగులుతుందో చూద్దాం. ప్రగతి నివేదిక మీద సంతకం గైడుది. ఫెలోషిప్పు సాగాలంటే గైడు మాట కావాలి. పేపరు మీద మొదటి పేరు ఎవరిదో గైడే తేలుస్తాడు. ఉద్యోగానికి సిఫారసు ఉత్తరమూ ఆయనదే. కోపమొచ్చి పని ఆపేద్దామంటారా? రైల్వే వర్క్‌షాపు మనిషి సుత్తి కింద పెడితే రైలు ఆగుతుంది. వీడు పిపెట్టు కింద పెడితే ఆగేది వీడి థీసిసే. వీడికి చిరునవ్వు నేర్పి బేరానికి పంపుతున్నారు!

సుత్తి కింద పెట్టడమంటే ఏమిటో ఈ ఊరికి తెలుసు. 1927లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఖరగ్‌పూర్ కార్మికులు రెండుసార్లు పోరాడారు. రెండోసారి ఉద్వాసనల మీద మొదలైన తగవు నెలల తరబడి నడిచింది. వాళ్ళ యూనియన్ నాయకుల్లో మన వరాహగిరి వెంకటగిరి ఒకడు. బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో లా చదివి, ఈ రైల్వే కూలీల పక్షాన నిలబడ్డాడు. 1931లో లండన్ రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో కార్మికుల తరపున కూర్చున్నాడు. 1952లో కేంద్ర కార్మిక మంత్రయ్యాక, తగవుల్ని ట్రిబ్యునళ్ళకి తోసెయ్యకుండా యాజమాన్యమూ కార్మికులూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నాడు. దానికి 'గిరి విధానం' అనే పేరే వచ్చింది. 1954లో బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేస్తే పదవి వదిలేసి ఇంటికెళ్ళాడు. అదీ బాట్నా అంటే. తరవాత రాష్ట్రపతి కూడా అయ్యాడు, అది వేరే కథ. బేరం గొంతులో ఉండదనీ, వెనక నిలబడ్డ జనంలో ఉంటుందనీ ఆయనకి ఏ స్లైడూ చెప్పలేదు, వర్క్‌షాపు గేటు చెప్పింది.

బేరం రాదంటున్న ఈ సైన్సు పిల్లలు చేసిందేమిటో కూడా చూడండి. 2014లో జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్పు నెలకి 16,000 నుంచి 25,000 అయింది. 2019లో 31,000. 2023లో 37,000. పిల్లలు ప్రయోగశాలలు వదిలి ప్లకార్డులు పట్టుకుంటే, వీధిలోకొస్తే, ఢిల్లీ దాకా పోతే కదిలిన అంకెలివి. ఏ చిరునవ్వు వల్లా పెరగలేదు. అప్పుడు మాత్రం వాళ్ళకి మాట బాగానే వచ్చింది. బహుశా ఆ రావడమే పెద్దలకి నచ్చక, మాట్లాడే పద్ధతి నేర్పుదామని బయల్దేరి ఉంటారు.

2022లో యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు మార్చి, పరిశోధకులంతా బోధనలోనో రచనలోనో తర్ఫీదు పొందాలంది. సంతోషం. గైడుకి వినడంలో తర్ఫీదు కావాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

డైరెక్టర్లూ, డీన్లూ! ఈసారి శిబిరంలో ముందు బెంచీల్లో గైడుల్ని కూర్చోబెట్టండి. పేపరు మీద పేర్ల వరస, సెలవులు, థీసిస్ చదివి తిరిగివ్వాల్సిన గడువు, మొదటి ఏడాదే కాగితం మీద రాసి ఇద్దరిచేతా సంతకాలు పెట్టించండి. ఫెలోషిప్పు ఒకటో తారీఖున ఖాతాలో వెయ్యండి. ఆ మూడూ అయ్యాక బ్లేజరాయన ఇంకా వరండాలో కూర్చునుంటే, టీఏ, డీఏలిచ్చి హౌరా లోకల్ ఎక్కించండి.