మా కాలం దొంగకు మొకం ఉండేది

మా రోజుల్లో దొంగకు పేరుండేది, మొకముండేది. ఇప్పుడా రెండూ లేవు.

1971లో కృష్ణ కౌబాయ్ సినిమా 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చినాక మా పుంగనూరు పిల్లకాయలు మేకలు తోలే కట్టెల్ని తుపాకులు చేసుకుని తిరిగినారు. అట్లాంటి కౌబాయ్ కథల్లో కనపడే అమెరికా దొంగల గురించి నేను తర్వాత చదువుకున్నా. రైళ్ళూ బ్యాంకులూ దోచిన బుచ్ క్యాసిడీ ముఠావాళ్ళు ఐదుగురు 1900లో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో సూట్లు తొడిగి, స్టూడియోకి పోయి దర్జాగా ఫోటో దిగినారు. ఎంత పొగరో! ఆ ఫోటోనే పింకర్టన్ డిటెక్టివుల చేతికి చిక్కె. అప్పటికే రైలూ టెలిగ్రాఫూ మూలమూలకూ పాకినాయి, దాక్కోను తావు లేకపాయ. మరుసటేడు క్యాసిడీ, సన్‌డాన్స్ కిడ్ దక్షిణ అమెరికాకు పారిపోయినారు.

మనకూ ఒక అడవిదొంగ ఉండె, వీరప్పన్. వాడు తిరిగిన తావు మాకు దగ్గరే: కుప్పం దాటితే కృష్ణగిరి, ఆపక్క ధర్మపురి. ఆ మీసం చూస్తే చంటిబిడ్డ కూడా పేరు చెప్పేది. 2000లో కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను ఎత్తుకుపోయి 108 దినాలు అడవిలో పెట్టుకుంటే, మదనపల్లె నుంచి బెంగళూరు పోవాలన్నా పేపరు చూసుకుని బస్సెక్కేవాళ్ళం. 2004 అక్టోబరు 18న పాపారపట్టి దగ్గర, అంబులెన్సని నమ్మించి ఎక్కించుకుని పోలీసులు కాల్చేసినారు. వాడేం పుణ్యాత్ముడు కాదు, మనుషుల్నీ ఏనుగుల్నీ చంపినోడు. అయినా పాపం చేసినోడే తూటా తినె.

ఇప్పుడో? పేపర్లో ఎర్రచందనం పట్టుకున్నారన్న ఫోటో చూడండి. ముందర దుంగలు, వాటెనక తువ్వాలు కప్పుకున్న కూలీలు, ఆ వెనక పోలీసులు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసుల కాల్పుల్లో 20 మంది సచ్చిపోతే, అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలే. గొడ్డలేసేది వాళ్ళే, మోసేది వాళ్ళే, సచ్చేది వాళ్ళే. దుంగ మాత్రం ఓడెక్కి చైనాకు పోతాది. ఎప్పుడన్నా ఒక పెద్దోడు దొరికినాడంటారు, మరుసటి వారమే ఇంకో లోడు కదుల్తాది.

2021లో 'పుష్ప' సినిమా వచ్చె. అందులో మా చిత్తూరు యాసలోనే మాట్లాడే కూలీ ఎర్రచందనం సిండికేటుకు పెద్దయిపాయ. మనవళ్ళు గడ్డం కింద చెయ్యి రాస్తా తిరగతాండారు. నిజం అడవిలో ఏ కూలీ పెద్దయినాడో చూపించండ్రా అంటే పలకరు.

నెత్తిన దుంగ మోసేవాణ్ణి పట్టను రాత్రంతా కొండెక్కుతారు, మంచిదే. రేవులో కంటైనరు తలుపు తీయను కొండెక్కే పనిలేదు కదా సామీ!