రెండించుల లిఫ్టు, ముప్పైమూడించుల గొప్ప

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఈ మధ్య ఒక కొత్త జాతి బండ్లు కనబడుతున్నాయి. ఎక్కాలంటే నిచ్చెన కావాలి, దిగాలంటే ధైర్యం కావాలి. టైర్లు ఫెండర్లు దాటి రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తాయి. ముందు బంపరుకు ఎల్‌ఈడీ లైట్ల పట్టీ, వెనక అద్దం మీద ఆంజనేయుడి బొమ్మ. ఇంత సరంజామాతో ఎటు ప్రయాణమయ్యా అంటే, కోరుట్లలో పెళ్లి చూసుకుని, జగిత్యాలలో చాయ్ తాగి, పొద్దుగూకే లోపల ఇల్లు చేరుతుంది. దారిలో అది ఎదుర్కొనే అతి భయంకరమైన కొండ పేరు స్పీడ్ బ్రేకర్.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం ఆ కొండ ఎత్తు పది సెంటీమీటర్లు. ఊళ్లో జనం సొంతంగా పోసుకున్నదైతే ఇంకో నాలుగు వేళ్లు ఎక్కువే ఉండొచ్చు. కంపెనీ నుంచి వచ్చిన మామూలు ఫోర్ బై ఫోర్ పికప్ కింద దానికి సుమారు రెట్టింపు ఖాళీ ఉంటుంది. అయినా సరే, కొన్న మూడో నెలలోనే బండి మెకానిక్ షెడ్డుకు చేరుతుంది. రెండించుల లిఫ్టు కిట్టు పడుతుంది. అక్కడితో ఆగితే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. బండి లేచాక పాత టైరు సన్నగా కనిపించడం మొదలవుతుంది. అప్పుడు ముప్పై మూడు ఇంచుల టైరు గుర్తొస్తుంది.

టైర్ల షాపు ముందు జరిగే సంప్రదింపులు దాదాపు ఇట్లా నడుస్తాయి.

"తమ్మీ, ముప్పై మూడు పడ్తదా?"

"పడ్తది అన్నా. ఎందుకు పడది?"

"తాకదా మరి?"

"జర తాకుతది. గ్రైండర్ వెట్టి కోస్తే సరి."

"స్టీరింగ్ మొత్తం తిప్పితే?"

"మొత్తం ఎందుకు తిప్తవే అన్నా?"

లక్ష రూపాయలు దాటే ఖర్చుకు ఇంజినీరింగ్ సలహా మొత్తం ఇదే. యూ టర్న్ తీసుకోవడం మానేయమని ఇంత మర్యాదగా చెప్పిన శాస్త్రం మరొకటి లేదు.

లెక్క కష్టమైనదేం కాదు. టైరు పక్క గోడ మీదే రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు కంపెనీ 2016 నుంచి తయారుచేస్తున్న వీ-క్రాస్ పికప్‌నే తీసుకుందాం. 255/60 ఆర్18 టైరుతో వచ్చిన మోడల్‌లో 255 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 60 అంటే ఆ వెడల్పులో అరవై శాతం పక్క గోడ ఎత్తు, అంటే 153 మిల్లీమీటర్లు. కింద ఒకటి, పైన ఒకటి, మధ్యలో పద్దెనిమిది ఇంచుల రిమ్ము. మొత్తం కలిపితే చక్రం ఎత్తు 763 మిల్లీమీటర్లు. ముప్పై మూడు ఇంచులంటే 838. తేడా 75. ఇందులో ఇరుసును పైకి లేపేది సగమే, ముప్పై ఏడున్నర. మిగతా సగం ఇరుసుకు పైన, ఫెండర్ లోపల చోటు కోసం వెతుక్కుంటుంది. దానికి చోటు చూపించడానికే గ్రైండర్.

ఇక లిఫ్టు సంగతి. రెండించులు లేపితే గ్రౌండ్ క్లియరెన్స్ రెండించులు పెరిగిందని చెప్పుకునేవాళ్లు వెనక టైర్ల మధ్యకు ఒక్కసారి వంగి చూస్తే చాలు. పికప్‌లో వెనక ఇరుసు అడ్డంగా ఒకటే దూలం. దాని నడుమ క్రౌన్ పినియన్ ఉండే ఇనుప గుండు. రాయి వచ్చి తగిలేది సాధారణంగా దానికే. కమాన్ పట్టీ కింద దిమ్మ పెట్టినా, అదనంగా పట్టీ వేసినా, షాకిల్ పొడుగు చేసినా లేచేది ఛాసిస్, దాని మీద కూర్చున్న బాడీ. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. తలపాగా ఎంత పెద్దది చుట్టుకున్నా పాదానికి అంటే బురద అంటక మానదు.

లిఫ్టు వల్ల లాభమే లేదని కాదు. ముందు బంపర్ ఎత్తుగా నిలుస్తుంది, గట్టు ఎక్కేటప్పుడు ముక్కు తగలదు, నడుం కింద ఖాళీ పెరుగుతుంది. ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి అదీ లేస్తుంది. కాకపోతే దాని నుంచి చక్రాలకు పోయే యాక్సిల్ రాడ్లు ఏటవాలుగా పని చేయాల్సి వస్తుంది, వాటి మీది రబ్బరు బూట్లు తొందరగా చిరుగుతాయి. ఒక హద్దు దాకా ఇది భరించదగిన బేరమే.

అసలు భ్రమ వేరే ఉంది. బండి రెండించులు లేచింది కనుక టైరుకు పైన రెండించుల చోటు దొరికిందని అందరూ అనుకుంటారు. బండి నిలబడి ఉన్నంతసేపూ అది నిజమే. గుంతలో పడి సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు చక్రం పైకి ఎంతదాకా పోవాలో ఆపేది బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క. అది పాతదే ఉంటే, చక్రం పాత ఎత్తుదాకానే వస్తుంది. ఇప్పుడు ఆ చక్రం పెద్దది. షెడ్డులో తాకని టైరు కాలువ కట్ట మీద తాకడానికి కారణం ఇదే. స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ముందుకో వెనక్కో తగులుతుంది తప్ప పైకి కాదు. ఆ దిశలో లిఫ్టు ఇచ్చే చోటు దాదాపు సున్నా. దీనికి తోడు రిమ్ము బయటికి పొడుచుకొచ్చే రకమైతే, తిరిగేటప్పుడు టైరు గీసే వలయం ఇంకా పెద్దదై, కంపెనీ వదిలిన ఆ కాస్త చోటునూ మింగేస్తుంది.

దీని తర్వాత మీటరు కథ. చక్రం దాదాపు పది శాతం పెద్దదైంది, మీటరుకు ఆ కబురు అందలేదు. ముల్లు 80 దగ్గర ఉంటే బండి 88 దగ్గర పోతుంటుంది. కంపెనీలు మీటరును కాస్త ఎక్కువ చూపేలానే పెడతాయి కాబట్టి కొంత సర్దుబాటు అవుతుంది, మిగిలింది స్పీడ్ గన్‌కు నైవేద్యం. కిలోమీటర్ల లెక్కా అంతే. నూట పది కిలోమీటర్లు నడిస్తే ఓడోమీటర్ నూరే రాసుకుంటుంది. ఓనర్ డీజిల్ పోయించుకుని లెక్క కడతాడు, మైలేజీ పడిపోయిందని గుర్తిస్తాడు, నేరుగా బంకులో కుర్రాడితో కొట్లాటకు దిగుతాడు. అందులో కొంత మీటరు మాయ, కొంత బరువైన టైరు తిప్పడానికి ఇంజిన్ నిజంగానే తాగిన డీజిల్. బంకు కుర్రాడికి ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

బలం మాట కూడా చెప్పుకోవాలి. చక్రం ఎంత పెద్దదైతే నేల మీద లాగే శక్తి అంత తగ్గుతుంది. గేర్లు మార్చకుండా టైరు పది శాతం పెంచడమంటే, ప్రతి గేరునూ కొంచెం మొండిగా మార్చుకోవడమే. బ్రేకులకూ అదే గతి. కొండగట్టు ఘాట్‌లో రెండో గేరులో హాయిగా ఎక్కే బండి ఇప్పుడు ఆయాసపడుతుంది. అక్కడి అంజన్న గుడి దగ్గర వాహన పూజకు టైరు కింద పెట్టే నిమ్మకాయ మాత్రం ముప్పై ఇంచుల టైరుకూ, ముప్పై మూడుకూ ఒకే తీరున నలుగుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో తేడా పడనిది అదొక్కటే.

స్టెప్నీని ఎవరూ తలుచుకోరు. పికప్‌లో దాని చోటు ట్రాలీ కింద. పాత కొలతకు చేసిన ఆ చోటులోకి పెద్ద టైరు అంత సులువుగా దూరదు. అందుకని నాలుగు కొత్తవి వేసి, కింద పాతది అట్లాగే వేలాడదీస్తారు. రాత్రిపూట పంక్చర్ అయితే వెనక ఇరుసుకు ఒక పక్క 838, ఇంకో పక్క 763. ఆ ఎగుడుదిగుడును సరిచేస్తూ డిఫరెన్షియల్ తిన్నని రోడ్డు మీద కూడా క్షణం తీరిక లేకుండా తిరుగుతూనే ఉండాలి. ఆ స్థితిలో ఫోర్ వీల్ వేస్తే ఏమవుతుందో గేర్ పెట్టె విప్పిన మెకానిక్కే చెప్పాలి.

పికప్ అంటే బరువు మోసే బండి అన్న సంగతి ఈ సంబరంలో అందరూ మరిచారు. మెట్‌పల్లి నుంచి పసుపు బస్తాలు నిజామాబాద్ మార్కెట్‌కు పోతాయి. సిరిసిల్ల మరమగ్గాల బట్ట బేళ్లు ఇట్లాంటి బండ్లలోనే ఊళ్లు దాటుతాయి. మామిడి సీజన్‌లో పెట్టెలు జగిత్యాల పక్కన చల్‌గల్ మార్కెట్‌కు చేరాలి. రెండించుల లిఫ్టు, దాని మీద టైరు ఇచ్చిన ఇంచున్నర కలిపితే ట్రాలీ అడుగు దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు పైకి పోయింది. ఆ తొమ్మిది సెంటీమీటర్లూ ఎత్తేది ఓనర్ కాదు, హమాలీ. ప్రతి బస్తాకూ ఎత్తుతాడు. ఓనర్ గొప్పకు అతని నడుం పన్ను కడుతుంది. లోడు అంత పైన కూర్చుంటే మలుపులో బండి ఒరిగే గుణం పెరుగుతుంది. చక్రాల మధ్య వెడల్పులో సగానికీ, బరువు కేంద్రం ఎత్తుకూ ఉన్న నిష్పత్తే బండిని నిలబెట్టేది. ఎత్తు పెంచిన ప్రతిసారీ ఆ నిష్పత్తి తగ్గుతుంది.

విచిత్రమేమంటే, చక్రాన్ని పనికి తగ్గట్టు మార్చడం ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పక్కర్లేదు. నాట్ల ముందు బురద పొలం దున్నేటప్పుడు రైతు ట్రాక్టర్‌కు ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తాడు. పని అయ్యాక విప్పుతాడు. విప్పకుండా తారు రోడ్డెక్కితే రోడ్డు చెక్కుకుపోతుందనీ, అధికారులు పట్టుకుంటే జరిమానా వేస్తారనీ అతనికి తెలుసు. కేజ్ వీల్స్ అందంగా ఉన్నాయని పెళ్లికి వేసుకుపోయిన రైతును మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

గల్ఫ్ పోయొచ్చినవాళ్లు ఈ చుట్టుపక్కల వాడకొకరు దొరుకుతారు. దుబాయిలోనో, ఒమన్‌లోనో ఎడారి ఇసుకలో బండి నడిపినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఇసుకలో దిగే ముందు ఏం చేస్తారని అడిగితే, టైరు పెంచుతామని చెప్పరు. గాలి తీస్తామంటారు. ముప్పై, ముప్పై అయిదు ఉన్న గాలిని పదిహేను దాకా తగ్గిస్తే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకుంటారు. ఖర్చు ఒక చిన్న గాలి మీటరు. ఇంత చవకైన విద్యకు రీలు తీసే విలువ లేదు కాబోలు, అందుకే ప్రచారం కాలేదు.

పెద్ద టైర్లు వేసినవాళ్లందరూ వెర్రివాళ్లే అనలేం. ఐస్‌లాండ్‌లోని ఆర్కిటిక్ ట్రక్స్ కంపెనీ మార్చిన టయోటా హైలక్స్ 38 ఇంచుల టైర్లతో 2007లో బీబీసీ టాప్ గేర్ బృందాన్ని ఉత్తర అయస్కాంత ధ్రువం దిశగా మంచు మీద నడిపించింది. అయితే వాళ్లు టైరు ఒక్కటే కొని ఊరుకోలేదు. ఫెండర్లు, సస్పెన్షన్, గేర్లు అన్నీ ఆ టైరు చుట్టూ లెక్కగట్టి మార్చారు. వాళ్లు పోయింది ధ్రువానికి. మన బండి పోయేది కోరుట్లకు.

మరి రెండించులు ముచ్చటపడి లేపేసినవాళ్లు ఏం చేయాలి? ఒక సైజు పైకి పోయి ఆగడం మర్యాద. వీ-క్రాస్‌కే 265/60 ఆర్18 వేస్తే చక్రం 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 265/65 వేస్తే 38 పెరుగుతుంది, మీటరులో తేడా అయిదు శాతం దగ్గర ఆగుతుంది. కొనే ముందు షాపువాడి టైరు ఒకటి అడిగి బిగించి చూసుకోవాలి. ఖాళీ బండితో కాదు, ట్రాలీలో బస్తాలు వేసి. ముందు చక్రం ఒకటి దిమ్మ మీదికి ఎక్కించి, స్టీరింగ్ కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి ఆఖరుదాకా తిప్పాలి. మధ్యలో ఆపి "చాలన్నా, పడ్తది" అనే తమ్ముడిని అప్పుడే చాయ్‌కి పంపడం మంచిది. తర్వాత వీల్ అలైన్‌మెంట్, లైట్ల ఎత్తు సరిచేయించాలి. ముక్కు లేచిన బండి లైట్లు ఎదుటి బైకువాడి కళ్లలోకే కొడతాయి. అయిదో టైరు కూడా అదే సైజు కొనాలి. ఇవన్నీ చేశాక కూడా ముప్పై మూడే కావాలనిపిస్తే, ఆ కోరిక బండిది కాదు.

కంపెనీలకు ఈ లెక్క ఎంత ముఖ్యమో తెలియాలంటే మహీంద్రా థార్ రాక్స్‌ను చూడొచ్చు. 255/65 ఆర్18 టైరుతో ఒక రకం, 255/60 ఆర్19 టైరుతో పై రకం. రిమ్ము ఇంచు పెద్దదైంది, చూపుకు గొప్పగా ఉంది. రెండు చక్రాల ఎత్తూ లెక్కగట్టి చూస్తే తేడా మిల్లీమీటర్‌లో పదో వంతు. చక్రం ఎత్తు మారితే మీటరు, బ్రేకులు, గేర్లు అన్నీ కదుల్తాయని తెలిసినవాళ్లు చేసిన పని అది. మన షెడ్డులో గ్రైండర్ పట్టిన తమ్ముడు దీన్ని ఒక్క మధ్యాహ్నంలో తేల్చేస్తాడు.

చట్టానికి కూడా ఒక అభిప్రాయం ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసింది. ఒక్కో మార్పుకు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి: లిఫ్టు ఒకటి, టైరు ఒకటి, కోసిన ఫెండర్ ఒకటి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ దగ్గర పేచీకి దారి ఇస్తుంది. ప్రమాదం తర్వాత సర్వేయర్ వస్తాడు, టేపు పెడతాడు, ఆర్సీ, పాలసీ కాగితాలు పక్కన పెట్టుకుని ఫొటోలు తీసుకుంటాడు. రీలుకు ఎన్ని లైకులు వచ్చాయని మాత్రం అడగడు.