అనుబంధశకటాచార్యులు

పెండ్లిసంబంధములు కుదుర్చువారును, పొలముగట్ల తగవులు తీర్చువారును ప్రతి ఊర నుందురు గాని, సైకిలునకు ట్రాలీ తగిలించుచున్న చోటికి పిలువకయే విచ్చేసి, జాతకము చూచు సిద్ధాంతివలె తల పంకించు మహానుభావుడు మా మానుకోటకు మాత్రమే దక్కిన నిధి యని నేను చాలకాలము గర్వించుచుంటిని. జనగామలో నొకరును, భూపాలపల్లిలో నొకరును కంటబడిన పిమ్మట, ఇది ఒక జాతి యని గ్రహించి ఆ గర్వమును దించుకొంటిని.

మిరపపంట మార్కెట్టున కెక్కు దినములలో, ఆ ఘాటునకు ఊరెల్ల తుమ్ముచుండగా, స్టేషను దారిలోని సైకిలుషాపు ముందర, స్పోకులు బిగించు మేస్త్రికి సరిగా వెలుతురు అడ్డమగు చోట స్టూలు వేసికొని ఆయన ఆసీనుడగును. చంకలో గొడుగు, జేబులో టేపు. టేపు బయటికి వచ్చుట అందరును చూచిరి. దానితో ఆయన దేనినైన కొలుచుట ఎవ్వరును చూడలేదు.

పాలుపోయు కుర్రవా డొకడు వచ్చి, “అన్నా, రెండు క్యాన్లు పట్టేటి ట్రాలీ ఒకటి తగిలియ్యాలె” అని మేస్త్రి నడిగెను. ఉత్తర మిచ్చినవారు ఆచార్యులు. “ఒంటిచక్రమా, జంటచక్రమా? ముందు అది తేల్చుము. ఒంటిచక్రము పతివ్రతవలె సైకిలు జాడనే నడచును, పొలముగట్టుమీదికైనను వచ్చును; కాని సైకిలు ఒరిగిన తానును ఒరుగును. జంటచక్రము స్వయముగా నిలుచును. కాని నీ వెనుక ఎంత వెడల్పున్నదో రాయి తగిలినదాక నీకు తెలియదు.” పిదప తగిలించు స్థానమును గూర్చిన అధ్యాయము: సీటుగొట్టమునకు తగిలించుట సులువేగాని లాగుడు ఎత్తున పడుటచే బరువు హెచ్చినప్పుడు మలుపులలో తూలించు ననియు, వెనుకచక్రపు ఇరుసునకు తగిలించిన లాగుడు నేలకు దగ్గరగా నుండు ననియు, జంటచక్రమైనచో సైకిలు ఒరిగినను ట్రాలీ ఒరుగకుండునట్లు నడిమి కీలు అన్ని దిక్కులకును తిరుగవలె ననియు, సీల ఊడినను ట్రాలీ విడిపోకుండ సైకిలు ఫ్రేముచుట్టు వేరొక పట్టీ గాని గొలుసు గాని వేయవలె ననియు, దిగుడులో ట్రాలీ వెనుకనుండి తోయును గనుక బ్రేకులు ముందే సరిచూడవలె ననియు, బిడ్డలను కూర్చుండబెట్టుటకు అమ్ము విదేశపు ట్రాలీలలో చాలవాటికి 45 కిలోలే హద్దు అనియు గంటసేపు వ్యాఖ్యానించెను. కుర్రవాని క్యాన్లలో పాలు విరుగునేమోయని నాకు దిగులు పుట్టినది.

ఆయన చెప్పునవన్నియు యథార్థములే. ఆయనతో చిక్కంతయు అక్కడనే యున్నది. తప్పు చెప్పినయెడల లేచిపోవచ్చును గదా!

అంతటితో నిలువక ఆయన వియత్నాము చేరెను. 1954 లో దియన్ బియన్ ఫూ యుద్ధమున అచ్చటి జనులు ఒక్కొక్క సైకిలుమీద 200 కిలోలకు పైబడి సరకు చేరవేసిరనగా, మేస్త్రి తల యెత్తకయే, “వాళ్లు తొక్కలే సారూ, నూకుకుంట వోయిన్రు. మొన్న మీరే చెప్పిన్రు” అనెను.

ఆచార్యులు జంకునది ఒక్కరికే. ఎదుటి అరుగుమీద బీడీ కాల్చుకొను ఒక వృద్ధుడు వయసంతయు ఎడ్లబండి తోలినవాడు. బస్తాలు వెనుకకు పడిన కాడి పైకి లేచి జోతులు ఎడ్ల గొంతు బిగించుటయు, ముందుకు పడిన మెడలు క్రుంగుటయు చూచినవాడు. ఆయన ఆ దినమున పలికినది ఒక్కటే మాట: “ఇరుసుకు జెరంత ముంగట పెట్టు బిడ్డా.” సైకిలు ట్రాలీకిని సూత్రమిదియే; కొంచెము బరువు కొక్కెముమీద ఆనవలెను, వెనుకకు పడినచో తోక ఊపును, సైకిలు వెనుకచక్రము తేలిపోవును. ఆచార్యులు దగ్గి, “మూడవ అధ్యాయమున నేను చెప్పబోవునది అదియే” అనిరి.

బిగింపు పూర్తియైనది. మేస్త్రి ముఖమున ఏ భావమును లేకుండ, “బరువేసి చూడాలె సారూ. బస్తా ఏడ తెద్దు? జెర మీరే కూసోండ్రి” అనెను. ఆ 45 కిలోల లెక్కకు ఆచార్యులు ఒకటిన్నర ట్రాలీ యగుదురు. ఇది వెల్డింగుషాపులో చేయించిన గట్టి ఇనుపది గనుక ఎవ్వరును శంకింపలేదు. ఆయన పూర్వపు దొరలు కచ్చురమున కూర్చున్న ఠీవితో, వెనుక కడ్డీకి చేరగిలబడి, కాళ్లు చాచి, గొడుగు విప్పెను. కుర్రవాడు తొక్కెను. వెనుకచక్రము జానెడెత్తు లేచి గాలిలో గిర్రున తిరుగుచుండగా ట్రాలీ తోక నేల నానినది. ఆచార్యుల పాదములు ఆకసమును, గొడుగు ధూళిని చూచినవి.

పరుగెత్తిన నన్ను ఆయన చేతితోనే వారించెను. “చూచితిరా? నేను చెప్పిన వెనుకబరువు ఇదియే” అని పండుకొన్నచోటనుండియే పలికి, కుర్రవానివైపు మెడ త్రిప్పి, “ఏదీ నాయనా, మరియొకసారి తొక్కుము” అనెను.