ఉప్పుపడవ ఆత్మకథ

బకింగ్‌హామ్ కాలువ నెల్లూరు జిల్లా పొడవునా సముద్రాన్ని అంటిపెట్టుకుని, ఇసుకదిబ్బలకూ సరుగుడు తోటలకూ వెనకగా సాగుతుంది. ఉత్తరాన పెదగంజాం దగ్గర మొదలై, మద్రాసు నగరం మధ్యగా పోయి, మరక్కాణం చేరేసరికి దీని పొడవు 420 కిలోమీటర్లు. 1806లో బాసిల్ కాక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరుకు తవ్వించిన చిన్న కాలువ దీనికి మూలం. తర్వాత ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుని ఉత్తరానికి పొడిగిస్తూ వచ్చింది. మద్రాసులో కూవం, అడయారు నదులను కలిపే ముక్కను 1877–78లో కరువుకూలికి వచ్చిన జనం తవ్వారు. కాలువకు మాత్రం అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు.

ఈ కథ చెప్పే పడవ 1930ల చివర్లో కృష్ణపట్నం దగ్గర కాలువగట్టున తయారైంది. టేకు పలకలు, మధ్యలో తెరచాపకొయ్య, వెనక చుక్కాని, సరుకుమీద తాటాకు కప్పు. పలకల సందుల్లో కొబ్బరిపీచు కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పూసేవాళ్ళు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడకర్ర, గెడకూ లొంగకపోతే గట్టుమీద నడుస్తూ తాడు లాగే ఇద్దరు మనుషులు. దక్షిణానికి పోయేటప్పుడు కొఠార్ల ఉప్పు, మొలగొలుకుల బియ్యం, ఎండుచేపలు, శ్రీహరికోట కట్టెలు, పులికాట్ సరస్సు గుల్ల. తిరిగి వచ్చేటప్పుడు కిరసనాయిలు, ఇనుపసామాను, పెంకులు, బట్టల మూటలు. మద్రాసులో దిగే రేవు బేసిన్ బ్రిడ్జి. అక్కడి ఉప్పు గిడ్డంగుల పేటను ఇంగ్లీషులో కూడా సాల్ట్ కొటార్స్ అనే పిలిచేవారు. కొఠారు అనే మాట పడవకు ఊరి మాటే కాబట్టి, పట్నం చేరినా పరాయిచోటికి వచ్చినట్టు ఉండేది కాదు.

దారిలో లాకులు దాటాలి. లాకంటే రెండు తలుపుల మధ్య నీళ్ళగది. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు. ముందు తలుపుకున్న చిన్న కిటికీ ఎత్తితే నీళ్ళు సుడులు తిరుగుతూ ఇటు నుంచి అటు పారతాయి. రెండువైపులా మట్టం ఒకటయ్యేదాకా పదిమంది కలిసి తోసినా ఆ తలుపు కదలదు. ఒకటి కాగానే ఒక్కడు భుజం ఆనిస్తే చాలు. అందాకా పడవవాళ్ళకు పని ఉండదు. బీడీలు వెలుగుతాయి, ఎవరి చేతిలోనైనా పాత ‘ఆంధ్రపత్రిక’ ఉంటే ఒకడు పైకి చదువుతాడు, మిగతావాళ్ళు వింటారు. ఆంధ్రరాష్ట్రం గురించి ఈ పడవ విన్నదంతా లాకుల దగ్గర విన్నదే.

ఆంధ్రులకు వేరే రాష్ట్రం కావాలన్న కోరిక 1913లో బాపట్ల మహాసభ నుంచే ఉంది. 1937 నవంబరులో మద్రాసులోని శ్రీబాగ్ ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం రాసుకున్నాక, మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళిపోవాలా వద్దా అన్న చర్చ తెలుగువాళ్ళలో దాదాపు ముగిసింది. ఏం తీసుకుని వెళ్ళాలి, ఎవరు ముందు నడవాలి అన్న రెండు ప్రశ్నలు మాత్రం మిగిలాయి. పదహారేళ్ళు పట్టింది ఈ రెంటికే.

రెండో ప్రశ్నే ఎక్కువ హాని చేసింది. టంగుటూరి ప్రకాశం 1946 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని (నేటి మాటల్లో ముఖ్యమంత్రి) అయ్యారు. ఏడాది తిరక్కముందే, 1947 మార్చిలో, సొంత కాంగ్రెస్ సభ్యులే ఆయన్ను దించేశారు. ఆ తర్వాత ఓమందూర్ రామస్వామి రెడ్డియార్, ఆయన తర్వాత కుమారస్వామి రాజా వచ్చారు. ఆంధ్ర కాంగ్రెస్‌లో ఒక వర్గం పట్టాభి సీతారామయ్య వెంట, ఒకటి ప్రకాశం వెంట, ఇంకొకటి ఎన్.జి. రంగా వెంట నడిచాయి. అందరూ కోరింది ఒకే రాష్ట్రాన్ని, కానీ ఆ రాష్ట్రాన్ని ఎదుటివాడు తెస్తే ఒప్పుకోవడం ఎవరివల్లా కాలేదు. తమిళ నాయకులు అడ్డుపడ్డారన్న మాట నిజమే అయినా సగం నిజమే. మిగతా సగాన్ని తెలుగు నాయకులు తమలో తాము తెచ్చిపెట్టుకున్నారు.

ఢిల్లీలో కాగితాలు కదిలాయి. 1948లో వేసిన ధార్ కమిషన్ భాషారాష్ట్రాలు ఇప్పుడే వద్దంది. ఆ ఏడాది చివర జైపూర్ కాంగ్రెస్ మహాసభ నెహ్రూ, పటేల్, పట్టాభిలతో ఒక సంఘం వేసింది. మద్రాసు నగరంమీద ఆశ వదులుకుంటే ఆంధ్రరాష్ట్రం ఇవ్వవచ్చని 1949 ఏప్రిల్‌లో ఆ సంఘం చెప్పింది. ఆ తర్వాత కుమారస్వామి రాజా అధ్యక్షతన విభజన సంఘం కూర్చుంది. ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, కళా వెంకటరావు అందులో సభ్యులు. మద్రాసు విషయంలో ప్రకాశం విడిగా అసమ్మతి పత్రం రాశారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చేసరికి ఆంధ్రరాష్ట్రం కూడా పుడుతుందని అందరూ అనుకున్నారు. ఆ రోజు వచ్చింది, రాష్ట్రం రాలేదు.

మద్రాసును వదులుకోవడం ఎందుకంత కష్టమైందో ఈ పడవకు తెలుసు. నెల్లూరు తీరానికి పట్నమంటే మద్రాసే. ఉప్పు అమ్మేదీ, అప్పు తెచ్చేదీ, పెళ్ళిబట్టలు కొనేదీ, పిల్లవాడు కాలేజీలో చేరేదీ అక్కడే. తెలుగు పత్రికలూ తెలుగు సినిమాలూ వచ్చేది అక్కడి నుంచే. “మద్రాసు మనదే” అన్న నినాదం లాయర్లకు వాదమైనా, పడవవాళ్ళకు అది రోజూ పోయి వచ్చే దారి. ఒక లాకు దగ్గర ఇద్దరు పడవవాళ్ళ మధ్య ఇలా మాటలు నడిచాయి.

“ఏంది మామా, పట్నం మనకొస్తాదంటనా?”

“వస్తే మంచిదే రా అబ్బయ్యా. రాకపోతే మనం పొయ్యేది ఆగుతాదా ఏంది? ఉప్పు లేకుండా అరవోళ్ళు మాత్రం ఎట్టా తింటారు?”

1951లో చీలిక బయటపడింది. ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో సంజీవరెడ్డి స్వల్ప తేడాతో రంగాను ఓడించారు. రంగా, ప్రకాశం ఇద్దరూ కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చారు. రంగా కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు, ప్రకాశం కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలోకి వెళ్ళారు. ఆ ఆగస్టు 15న స్వామి సీతారాం ఆంధ్రరాష్ట్రం కోసం నిరాహారదీక్ష మొదలుపెట్టారు. 35 రోజుల తర్వాత వినోబా భావే మాటమీద విరమించారు. మరో ఏడాది గడిచిపోయింది.

1952 ఎన్నికలకు ఈ పడవ ఉప్పుకు బదులు ఓట్ల పెట్టెలు ఇరకానికి మోసింది. ఇరకం పులికాట్ సరస్సులో ఒక దీవి, నీళ్ళు దాటితే తప్ప అక్కడికి దారి లేదు. ఆ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనుపపెట్టె, పెట్టెమీద గుర్తు కాగితం. కాడికి కట్టిన జోడెద్దులు కాంగ్రెస్‌వి, గుడిసె ప్రజాపార్టీది, కంకి కొడవలి కమ్యూనిస్టులవి. పెట్టెలన్నీ ఒకదాని పక్కన ఒకటి, ఉప్పుబస్తాలు ఉండే చోట, తాటాకు కప్పు కింద కూర్చున్నాయి. ఫలితాలు వచ్చాక మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెస్‌కు 152 వచ్చాయి. ఆంధ్ర ప్రాంతంలో మూడోవంతు కూడా దక్కలేదు. నెల్లూరు జిల్లా నాయకుడు గోపాలరెడ్డి ఓడారు, కళా వెంకటరావు ఓడారు, సంజీవరెడ్డి ఓడారు. ప్రకాశం ప్రతిపక్షాలన్నిటినీ కూడగట్టి తనకే బలముందన్నారు. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం రాజాజీని పిలిచారు. ఎన్నికల్లో నిలబడని రాజాజీ శాసనమండలికి నామినేట్ అయి ఏప్రిల్ 10న ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్రరాష్ట్రం మాట మళ్ళీ మూలకు పోయింది.

ఆ స్థితిలో పొట్టి శ్రీరాములు ముందుకు వచ్చారు. ఆయన 1901లో మద్రాసులోనే పుట్టినా పూర్వీకుల ఊరు అప్పటి నెల్లూరు జిల్లాలోని పడమటిపల్లి. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని 1946లో ఇక్కడ దీక్ష చేసి సాధించిన మనిషి. నెల్లూరు వీధుల్లో మెడలో అట్ట వేలాడదీసుకుని, చెప్పులు లేకుండా, ఎండలో నడిచేవారు. ఏ పార్టీలోనూ ఆయనకు వర్గం లేదు. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్షకు కూర్చున్నారు. మద్రాసు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఆయన కోరిక. మొదటి వారాల్లో పెద్ద నాయకులు చాలామంది పట్టించుకోలేదు, ఢిల్లీ పట్టించుకోలేదు. డిసెంబరు 15 రాత్రి ఆయన చనిపోయారు.

ఆ రోజుల్లో ఈ పడవ కట్టెల బరువుతో దక్షిణానికి పోతూ ఉంది. వార్త లాకు దగ్గరికి పత్రికలో రాలేదు. గట్టుమీద సైకిల్‌పై వచ్చిన కుర్రవాడొకడు ఊపిరాడక నిలబడిపోయి చెప్పాడు. లాకు తలుపు తెరిచి ఉంది, మట్టం సరిపోయింది, అయినా ఎవరూ గెడ వెయ్యలేదు. నెల్లూరులో, ఒంగోలులో, బెజవాడలో, విశాఖలో జనం వీధుల్లోకి వచ్చారు. రైళ్ళు ఆగాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్రరాష్ట్రాన్ని ప్రకటించారు. మూడేళ్ళు సంఘాలు కూర్చుని తేల్చలేనిది నాలుగు రోజుల్లో తేలింది. ప్రకటనలో మద్రాసు నగరం లేదు. 1949లోనే చేతికి వచ్చేదానికన్నా ఎక్కువేమీ రాలేదు, ఒక నిండుప్రాణం మాత్రం పోయింది. ఇది ఈ పడవ ఎప్పటికీ మింగలేని సంగతి.

తర్వాతి తొమ్మిది నెలలూ పంపకాలు. లెక్కలు చూడటానికి జస్టిస్ వాంఛూ వచ్చారు. కొత్త ప్రభుత్వం కొన్నాళ్ళు మద్రాసులో ఉంటుందంటే తమిళ నాయకులు ఒప్పుకోలేదు. రాజధాని బెజవాడా, గుంటూరా, కర్నూలా అన్న తగాదా మొదలైంది. శ్రీబాగ్ మాట ప్రకారం సీమవాళ్ళకు ఇవ్వాలని చివరికి కర్నూలును ఒప్పుకున్నారు. 1953 అక్టోబరు 1న నెహ్రూ కర్నూలులో ఆంధ్రరాష్ట్రాన్ని ప్రారంభించారు. ఆఫీసులు డేరాల్లో నడిచాయి. ముఖ్యమంత్రి ఎవరంటే ఎవరికీ ఎవరిమీదా నమ్మకం లేదు కాబట్టి, ఎనభై దాటిన ప్రకాశాన్నే కాంగ్రెస్ మద్దతుతో నిలబెట్టారు. సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి.

సరిహద్దు తడ, ఆరంబాకం ఊళ్ళ మధ్య పడింది. నీళ్ళకు తేడా తెలియదు. పులికాట్ సరస్సు చాలావరకు ఆంధ్రకు వచ్చింది, సముద్రంలోకి తెరుచుకునే పులికాట్ ఊరి మొగ తమిళులకు పోయింది. చేప మాత్రం మొగ నుంచే లోపలికి రావాలి. శ్రీహరికోట కట్టె ఒక రాష్ట్రంలో, దాన్ని కాల్చే పొయ్యి ఇంకో రాష్ట్రంలో. పడవవాళ్ళు ఒకటికి రెండు కాగితాలు మొలలో దోపుకోవడం నేర్చుకున్నారు. సరిహద్దు గ్రామాల పంపకం పటాస్కర్ తీర్పుతో పూర్తయి, 1960 ఏప్రిల్ 1న గానీ అమలుకు రాలేదు.

కొత్త రాష్ట్రం పదమూడు నెలలకు మించి నిలకడగా ఉండలేకపోయింది. మద్యనిషేధం దెబ్బతిన్నదని, ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రకాశం ఒప్పుకోలేదు. తాటిచెట్లు వరసగా నిలబడ్డ ఈ తీరంలో గీతవాళ్ళకు అది తిండి సమస్య. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 69, వ్యతిరేకంగా 68 ఓట్లు పడ్డాయి. ఒక్క ఓటుతో మంత్రివర్గం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. భయం కొందరికి బుద్ధి చెప్పింది. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలుస్తారన్న దిగులుతో కాంగ్రెస్, ప్రకాశం, రంగా మళ్ళీ ఒక్కటయ్యారు. 196 స్థానాల్లో 146 గెలిచారు, కమ్యూనిస్టులకు 15 వచ్చాయి. ఇదే కలయిక 1949లో కుదిరి ఉంటే శ్రీరాములు బతికి ఉండేవారు. మార్చి 28న బుచ్చిరెడ్డిపాళేనికి చెందిన బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. శాంతినికేతన్‌లో చదివి, రవీంద్రుణ్ణి తెలుగు చేసిన మనిషి నెల్లూరు నుంచి ఆ కుర్చీలోకి వెళ్ళినందుకు కాలువగట్టు సంబరపడింది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేటప్పుడు నాయకత్వపు పోటీలో సంజీవరెడ్డి ఆయన్ను ఓడించారు.

రోడ్లు, లారీలు వచ్చాక కాలువ పని తగ్గింది. 1960లలో తుఫానులు గట్లను తెంపాయి, పూడిక తీసే దిక్కు లేకపోయింది. శ్రీహరికోటను అంతరిక్ష కేంద్రానికి తీసుకున్నాక కట్టెల బేరమూ పోయింది. ఈ పడవను గట్టుకు లాగి విడగొట్టారు. కొన్ని పలకలు పొయ్యిలోకి పోయాయి, కొన్ని పశువుల కొట్టానికి పోయాయి. అడుగుపలక ఒకటి కృష్ణపట్నం దారిలో ఒక టీకొట్టుకు బల్ల అయింది.

బల్లమీద పత్రికలు చదవడం ఆగలేదు. ఆంధ్రప్రదేశ్ విభజనకు ఒప్పుకోని ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి 2014 ఫిబ్రవరిలో రాజీనామా చేసిన వార్త, తర్వాత సొంత పార్టీ పెట్టుకున్న వార్త ఇక్కడే చదివారు. మళ్ళీ రాష్ట్రపతి పాలన, మళ్ళీ రాజధాని ఏదన్న ప్రశ్న. తర్వాత బ్రిటన్ వార్త. 2016 జూన్ 23న అక్కడివాళ్ళు 52కు 48 శాతంతో యూరోపియన్ యూనియన్ నుంచి తప్పుకుంటామన్నారు. ఏ షరతులతో అన్నది తేల్చుకోలేక మూడున్నరేళ్ళు గడిపారు. ఇక్కడ మద్రాసు నగరం ఎట్లాగో, అక్కడ ఐర్లండ్ సరిహద్దు అట్లా అడ్డం పడింది. 2019 జనవరిలో ప్రధాని థెరెసా మే తెచ్చిన ఒప్పందాన్ని పార్లమెంటు 432–202 ఓట్లతో తోసేసింది, ఆమె పార్టీవాళ్ళే వందకు పైగా వ్యతిరేకించారు. ఆమె పోయి బోరిస్ జాన్సన్ వచ్చాకే, 2020 జనవరి 31న, బయటికి వెళ్ళడం జరిగింది. ఒక పెద్దాయన ఆ వార్త చదివి, పత్రిక మడిచి, “వాళ్ళూ అంతేనా!” అని టీ చల్లారబెట్టుకున్నారు.

నవంబరు వానలకు ఈ బల్లలో ఇంకిన పాత ఉప్పు చెమ్మగిలుతుంది. పరిచిన పత్రిక అడుగు కాగితం తడిసి పలకకు అతుక్కుంటే, కొట్టు ఆవిడ గుడ్డతో తుడిచి, ఎండ వచ్చినప్పుడు బల్లను బయట వేస్తుంది.