వంటమాస్టర్ ఏ పేజీలో?

2018 నవంబరు 15, గురువారం సాయంత్రం. లండన్ ఈస్ట్‌హామ్‌లో మేం తినే తెలుగు హోటల్లో ఇడ్లీ అడిగినవాడికి ఇడ్లీ రావడం లేదు. హోటలాయన కౌంటరు వదిలేసి టీవీ ముందు నిలబడ్డాడు.

ముందురోజు రాత్రే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ విడిపోయే ఒప్పందం ముసాయిదా బయటపెట్టారు. 585 పేజీలు. తెల్లారేసరికి బ్రెగ్జిట్ మంత్రి డొమినిక్ రాబ్ రాజీనామా చేశాడు. విడిపోయే పని చూడ్డానికే వేసిన మంత్రి, విడిపోయే కాగితాన్ని సమర్థించలేనన్నాడు. ఆ వెనకే ఇంకో మంత్రి ఎస్తర్ మెక్‌వే కూడా వెళ్ళిపోయింది. ప్రధాని థెరెసా మే పార్లమెంటులో నిలబడితే దాదాపు గంటసేపు అటువాళ్ళూ ఇటువాళ్ళూ వాయించడమే తప్ప, ఆమె తరఫున లేచిన గొంతు లేదు.

"బానిసత్వం తమ్ముడూ, పచ్చి బానిసత్వం!" అన్నాడు హోటలాయన నన్ను చూసి.

ఆ మాట ఆయన సొంతం కాదు, బోరిస్ జాన్సన్‌ది. జాన్సన్ అయినా పాపం ముసాయిదా చదివి అనలేదు. అది బయటికి రావడానికి ముందురోజే అనేశాడు.

"చదివారా అన్నయ్యా?" అన్నాను.

"చదవడం దేనికి? 39 బిలియన్ పౌండ్లు కట్టాలట. కట్టి కూడా బయటపడలేమట. ఐర్లండ్ సరిహద్దులో మళ్ళీ గేట్లు పెట్టకూడదని, ఇంకో దారి దొరికేదాకా దేశమంతా వాళ్ళ సుంకాల కిందే పడుండాలట. మనంతట మనం వదిలించుకోవడానికి కూడా లేదట!"

పక్క టేబుల్ మీద ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చిన డాక్టరుగారు దోసె తుంచుతూ, "అందుకే అసలు వెళ్ళొద్దన్నాం," అన్నాడు. రెండేళ్ళుగా ఈ ఇద్దరికీ ఒక్క విషయంలో పడలేదు. ఆ రోజు పడింది. ముసాయిదా చెత్త. వెళ్ళాలన్నవాళ్ళకు అది వెళ్ళినట్టు లేదు, ఉండాలన్నవాళ్ళకు ఉన్నట్టు లేదు. ఊరంతా ఇదే మాట. పోలింగ్ సంస్థలు అడిగితే బావుందన్నవాళ్ళకు రెట్టింపు మంది బాలేదన్నారు, చాలామంది మాకు తెలియదన్నారు. ఆ తెలియదన్నవాళ్ళ మీదే నాకు గౌరవం.

హోటల్లో ముసాయిదా చదివిన మనిషి ఒక్కరే. ప్లేట్లు తీసే పోలండ్ ఆవిడ. 2005లో వచ్చింది. పోలండ్ యూనియన్‌లో చేరిన మరుసటి ఏడు. ఈ హోటల్లో చేరాక మా అందరిలాగే ఆయన్ని 'అన్నా' అని పిలవడం నేర్చుకుంది. కారప్పొడి ఎవరికి వేయాలో, ఎవరికి వేయకూడదో ఆవిడకే తెలుసు. ఆ రోజు గల్లాపెట్టె పక్కన ఆవిడ పెట్టుకున్న కాగితాల దస్తా చూశాను. రెండో భాగం, పౌరుల హక్కులు, తొమ్మిదో ఆర్టికల్ నుంచి ముప్పై తొమ్మిది దాకా. పసుపు పెన్నుతో గీతలు.

"అంతా చదివావా?" అని హోటలాయన నవ్వాడు.

"నా బతుకున్నంత మేరకు చదివాను అన్నా."

"అయితే చూసి చెప్పు. మన వంటమాస్టర్ ఏ పేజీలో ఉన్నాడు?"

ఆయన ఎగతాళికి అడగలేదు. దాని వెనక పెద్ద కథ ఉంది.

2016లో యూనియన్‌లో ఉండాలా వెళ్ళాలా అన్న ఓటింగుకు ముందు, అప్పటి ఉపాధి మంత్రి ప్రీతి పటేల్ ఇండియన్ హోటళ్ళవాళ్ళకు ఒక ఆశ పెట్టింది. యూరప్ నుంచి వచ్చేవాళ్ళకు తలుపులు బార్లా తెరిచి ఉండబట్టే మనవాళ్ళకు మూసుకున్నాయనీ, యూనియన్ నుంచి బయటపడితే వంటవాళ్ళను తెచ్చుకోవచ్చనీ. వంటవాళ్ళు దొరక్క మూతపడే హోటళ్ళకు అది అమృతం. అప్పట్లో బయటినుంచి వంటవాణ్ణి తేవాలంటే ఏడాదికి 29,570 పౌండ్ల జీతం ఇవ్వాలి. పైగా హోటల్లో టేక్‌అవే ఉండకూడదు. పార్సిల్ కట్టి ఇస్తే అది గొప్ప వంట కాదని సర్కారు లెక్క. ఈ నిబంధనలు బిగించిన రోజుల్లో హోం మంత్రి ఎవరనుకున్నారు? థెరెసా మే. హోటలాయనకు ఆ సంగతి తెలియదని కాదు, తలుచుకోడు.

అందుకే 2016 జూన్ 23న ఆయన తన ఒక్క ఓటుతో ఆగలేదు. ఇండియన్ పాస్‌పోర్టుతో ఇక్కడుండే మాకు కూడా, కామన్వెల్త్ దేశం వాళ్ళం కాబట్టి, ఓటుంది. ఆ రోజు కుండపోత వాన. మా రూము కుర్రాళ్ళని కారెక్కించుకుని మరీ పోలింగుకు తీసుకెళ్ళాడు. వచ్చాక దోసెలు ఉచితం. ఆ దోసెలు మాకు తెచ్చిపెట్టింది ఈ పోలండ్ ఆవిడే. అప్పటికి పదకొండేళ్ళుగా పన్ను కడుతున్న ఆవిడకు ఓటు లేదు. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్ళకు తప్ప యూరప్ వాళ్ళెవరికీ లేదు. "ఎవరికేశారు?" అని అడిగింది కూడా. మేం చట్నీ ఇంకాస్త కావాలన్నాం.

ఇప్పుడు మాస్టర్ సంగతి. నెల్లూరు మనిషి. భార్య ఎం.ఎస్సీ చదువుతుంటే ఆమె వీసా మీద వచ్చాడు. జనవరిలో చదువు గడువు అయిపోతుంది, దాంతో ఇతని గడువూ అంతే. చదువయ్యాక రెండేళ్ళు ఉండి పని చేసుకునే వీసాను 2012లోనే ఎత్తేశారు. అప్పుడూ హోం మంత్రి థెరెసా మేయే.

"వంటవాళ్ళు ఏ పేజీలోనూ లేరు అన్నా," అంది పోలండ్ ఆవిడ. "జిబ్రాల్టర్ ఉంది. సైప్రస్‌లో సైనిక స్థావరాలున్నాయి. మీ మాస్టర్ లేడు."

నాలుగు రోజుల తర్వాత, 19న, థెరెసా మే వ్యాపారస్తుల సభలో ముసాయిదాను అమ్ముకునే ప్రయత్నం చేసింది. ఇకమీదట యూరప్ వాళ్ళు సిడ్నీ ఇంజనీర్ల కంటే, ఢిల్లీ సాఫ్ట్‌వేర్ వాళ్ళ కంటే ముందు క్యూ తప్పించి దూరలేరంది. ఇక హోటలాయన ఆనందం చూడాలి. మర్నాడు వెళ్ళేసరికి స్వీటు పెట్టాడు.

"విన్నావా తమ్ముడూ? నోరు తెరిచి మన పేరెత్తింది! ముసాయిదా మరీ అంత చెత్తేం కాదు."

పోలండ్ ఆవిడ టేబుల్ తుడుస్తోంది. "పదమూడేళ్ళ కిందట నేను ఏ క్యూ తప్పించి వచ్చానో నాకు గుర్తులేదు," అంది నాతో, మెల్లిగా.

హోటలాయన విన్నాడు. మంచివాడే, నొచ్చుకున్నాడు. "అది నీ గురించి కాదమ్మా. నీకేం భయం? నువ్వే చదివి చెప్పావుగా. ఐదేళ్ళు ఉన్నవాళ్ళను ఎవరూ పంపలేరని."

"అవును. పదిహేనో ఆర్టికల్. నన్నెవరూ పంపలేరు."

"మరింకేం!"

"దాన్లోనే ఇంకో మాట కూడా ఉంది అన్నా. నేను వెళ్ళినా, వరసగా ఐదేళ్ళు దాటితే తప్ప హక్కు పోదు. ఈ ముసాయిదా నిలబడితే, నాలుగేళ్ళు వెళ్ళి చూసి రావచ్చు."

"ఎక్కడికి?"

"వార్సా. మా అన్నయ్య హోటల్ పెడుతున్నాడు. జనవరిలో."

హోటలాయన ముఖం పాలిపోయింది. అయినా వ్యాపారస్తుడు కదా, తేరుకున్నాడు. "హోటలా? ఏం పెడతారు అక్కడ?"

"దోసెలు, బిర్యానీ. మీ దగ్గర నేర్చుకున్నవే."

"దోసెలా!" ఆయనకు నవ్వాగలేదు. "వడ్డించడం నేర్చుకుంటే సరిపోతుందా? పోలండ్‌లో నీకు మాస్టర్ ఎక్కడ దొరుకుతాడమ్మా?"

వంటింటి తలుపు తెరుచుకుంది. మాస్టర్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"అక్కడ వర్క్ పర్మిట్ ఇస్తామన్నారు బాబాయ్," అన్నాడు. "టేక్‌అవే ఉన్నా ఏమనరంట."