పైన తుడుపు, లోన చెమ్మ

దుబాయ్ వెళ్లిన మనవాళ్ల ముచ్చట్లు బంగారం కొట్లనీ, బుర్జ్ ఖలీఫానీ దాటి ఇప్పుడు ఆకాశంలోంచి దూకడం దాకా వచ్చాయి. పామ్ జుమైరా మీద 13 వేల అడుగుల ఎత్తున విమానం తలుపు తీస్తారు. మన వీపుకి తగిలించుకున్న మాస్టారితో సహా దూకేస్తాం. దాదాపు ఒక నిమిషం పాటు, గంటకు 190 కిలోమీటర్ల పైచిలుకు వేగం అందుకుంటూ పడ్డాక, 5 వేల అడుగుల దగ్గర పారాచూట్ విచ్చుకుంటుంది.

అది విచ్చుకోకపోతే రిజర్వు పారాచూట్ ఉంది. మాస్టారు స్పృహ తప్పినా ఆ రిజర్వుని తనంతట తానే విప్పే యంత్రమూ ఉంది. వాటి ఊసు ఎవరికీ పట్టదు. ముందే దూకొచ్చిన బావగారిని మన కుర్రాడు అడిగేది ఒక్కటే: "వీడియో క్లియర్‌గా వస్తుందా బావా?"

రావడానికి అడ్డు ఎక్కడుందో చూద్దాం. కిలోమీటరు పైకెళ్తే వేడి ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. నేల మీద 32 డిగ్రీలుంటే నాలుగు కిలోమీటర్ల పైన ఆరుకి కాస్త అటూ ఇటూ. విమానం పైకి చేరేలోపు కెమెరా చల్లబడుతుంది. అక్కణ్ణించి సముద్రపు ఉక్కలోకి ఒక్క నిమిషంలో దిగిపోతే గాజు వేడెక్కడానికి వ్యవధేదీ? చల్లటి మజ్జిగ గ్లాసుకి పట్టినట్టే లెన్సుకీ చెమట పడుతుంది. అదీ ఎప్పుడు? పారాచూట్ విచ్చుకుని, ప్రాణం కుదుటపడి, మనవాడు మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వినప్పుడు. అరుపులన్నీ స్పష్టంగా రికార్డవుతాయి, అరిచిందెవరో తెలీదు.

బయట పట్టిన ఈ చెమ్మ నిజానికి అమాయకురాలు. గాజు వేడెక్కగానే కొద్ది నిమిషాల్లో దానంతటదే పోతుంది. అసలు గడుసుది లోపలి చెమ్మ. ఆకాశంలో దూకేవాళ్లలో కొందరు కెమెరాని ఏ డబ్బాలో పెడతారు? నీళ్లలో మునిగేవాడి డబ్బాలో. ధర ఎక్కువ కాబట్టి రక్షణా ఎక్కువేనని లెక్క. బయటి నీటిని లోపలికి రానివ్వని ఆ డబ్బా, లోపలి తేమని బయటికీ పోనివ్వదు. ఉక్కపోతలో మూతేస్తే ఆ ఉక్కంతా లోపలే ఖైదు. కెమెరా నడుస్తూ వేడి పుట్టిస్తుంది, ముందు గాజు చలికి చల్లబడిపోతుంది, ఆవిరి నేరుగా వెళ్లి అక్కడే కూర్చుంటుంది.

అద్దం మసకేయడం మామూలు జంపర్లకే వచ్చే జబ్బేం కాదు. 2012 అక్టోబరు 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ న్యూ మెక్సికో మీద దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తునుంచి దూకాడు. బెలూన్‌లో పైకెళ్తుండగా ఆ ప్రయత్నాన్నే మానేద్దామా అనిపించింది గాలివాన కాదు, ఆయన ఊపిరే. హెల్మెట్ అద్దాన్ని వెచ్చబెట్టే హీటర్ పనిచేయడం లేదేమోనన్న అనుమానం. ఊపిరి వదిలితే చాలు, అద్దం మసక. ధ్వని వేగాన్ని మించబోయే మనిషిని తన ముక్కు గాలే అటకాయించింది.

అనుభవముంటే ఈ బాధ తప్పుతుందనుకుంటాం. కనీసం 200 జంపులు చేశాకే కెమెరా పెట్టుకోమని అమెరికా పారాచూట్ అసోసియేషన్ చెబుతుంది. ఆ 200 దాటినాయన్ని విమానంలో గమనించండి. లెన్సు మసకేసింది. బొటనవేలితో రుద్దాడు, జిడ్డు అంటింది. "హా" అని ఊది జంప్‌సూట్ మోచేత్తో తుడిచాడు, ఊపిరి తేమ కూడా చేరింది. గాజు తళతళలాడుతోంది, మసక అలాగే ఉంది. ఉన్నది లోపల, తుడిచింది బయట!

ఆయన్ని తప్పుపట్టడానికి మనకి నోరెక్కడిది? ఆఫీసులో లంచం పేరుకుంటే బోర్డుకి రంగేయిస్తాం. పేపర్ లీకైతే పరీక్ష హాలు గేటు దగ్గర పిల్లల బూట్లు విప్పిస్తాం. విచారణ సంఘం వేస్తాం, దాని నివేదికని గాలి చొరని బీరువాలో పెట్టి తాళమేస్తాం. తర్వాత పత్రికల వాళ్లని పిలిచి, అద్దం ఎంత శుభ్రంగా ఉందో చూడమంటాం.

కెమెరా చెమ్మకి మందు మాత్రం చవకే. డబ్బా మూత ఏసీ గదిలోని పొడిగాలిలో వెయ్యాలి. కొత్త చెప్పుల పెట్టెలో "తినరాదు" అని రాసుంటుందే, ఆ సిలికా పొట్లం లాంటి తేమ పీల్చే పట్టీ ఒకటి లోపల పెట్టాలి. అన్నిటికన్నా సులువు, డబ్బాకి గాలాడే వెనక తలుపు బిగించడం. తేమ వచ్చిన దారినే పోతుంది.

తలుపు కాస్త తెరిచి ఉంచండి అంటే మాత్రం జంపర్ నుంచి సంఘాధ్యక్షుడి దాకా అందరూ ఉలిక్కిపడతారు. "అమ్మో, నీళ్లు లోపలికి రావూ?" అంటారు. పదమూడు వేల అడుగుల ఎత్తున, మిట్టమధ్యాహ్నం ఎండలో, వీళ్ల భయమల్లా వరదలంటేనే.