మూడు సిలిండర్ల ప్రాణం

నేను మారుతి 800ని. మా మొదటి బండి తాళాలు 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. నేను గుర్‌గావ్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది 1996లో. 796 సీసీ ఇంజను, కార్బురేటరు. చలికాలం పొద్దున్నే చోక్ లాగితే గాని స్టార్టవను. ఉన్నవి మూడే సిలిండర్లు కాబట్టి ఒక్క ప్లగ్గు మసిపట్టినా ఒళ్లంతా వణుకు.

విజయవాడలో మా మాస్టారు నన్ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అంతకుముందువాళ్లు రేడియేటర్లో కూలెంట్ బదులు బోరు నీళ్లే పోశారు. ఆ నీళ్లలోని ఉప్పు సన్నని గొట్టాల్లో గారకట్టింది. పైగా ఎవరో మెకానిక్కు 'మన ఎండలకి ఇదెందుకు' అని థర్మోస్టాట్ పీకేశాడు. ఈ మాట ఎక్కడ విన్నా నాకు కోపమొస్తుంది. థర్మోస్టాట్ వేడిని పెంచదు. ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్లోకి పోనివ్వదు, తర్వాత వదులుతుంది. అది లేకపోతే వేడెక్కడం ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతాను, లోపల అరిగిపోతాను.

శ్రీశైలం వెళ్తుంటే, దోర్నాల దాటాక ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. మాస్టారు వెంటనే ఆపి బానెట్ ఎత్తారు. మరుగుతున్న రేడియేటర్ మూత జోలికి పోలేదు, అది ఆయన తెలివి. కానీ అప్పటికే హెడ్ గ్యాస్కెట్ పోయింది.

విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ, నేను చల్లబడ్డాక మూత తీసి స్టార్ట్ చేయించాడు. నీళ్లలో బుడగలు లేచాయి. సిలిండర్లో మండిన గ్యాసు నీళ్లలోకి దూరుతోందన్నమాట. డిప్‌స్టిక్ లాగితే ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంది.

"హెడ్ దించాల్సిందే మాస్టారూ."

"అమ్మేయమంటావా?"

"సిలిండర్ బోర్ బాగానే ఉందండీ. ఎందుకమ్మడం?"

ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది.

అల్యూమినియం హెడ్ మీద స్టీలు స్కేలు నిలబెడితే కింద సన్నగా వెలుతురు కనబడింది. వేడికి వంగిందది. చదును చేయించడానికి ఫేసింగ్‌కి పంపాడు. రేడియేటర్ గార తీయించాడు, కొత్త థర్మోస్టాట్ వేశాడు. హెడ్ బోల్టులు నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు పోతూ, ఒక్కసారే బిగించకుండా మూడు దఫాలుగా టార్క్ రెంచితో బిగించాడు. చేతి అంచనాతో బిగించే వాళ్లు ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

2014లో మా తయారీ ఆగిపోయింది. అయినా ఆటోనగర్‌లో నా సామాన్లు దొరుకుతున్నాయి. పదిహేనేళ్లు నిండినప్పటి నుంచి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తున్నాను. ఇప్పుడు వాటర్ పంపు బేరింగు సన్నగా కూస్తోంది. మాస్టారు నిన్ననే విన్నారు. ఈసారి అది పట్టేసేదాకా ఆగం, సోమవారమే మేస్త్రీ దగ్గరికి వెళ్తున్నాం.